ముక్కలు ముక్కలుగా వచ్చే జబ్బు

మా చదువుల కేంద్రానికి ఒక అక్క వస్తుంది. వాళ్లది ముదినేపల్లి దగ్గర ఊరు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు వద్దంది. సంగతి మాత్రం రాయమంది. "నాలాగా ఇంకొకరు ఏడాదిన్నర తిరగకూడదు టీచరు గారూ" అంది. అందుకే ఈ పాఠం.

అక్కకు ఇరవై ఎనిమిదేళ్లు. నాట్ల రోజుల్లో నాట్లకు వెళ్తుంది. చెరువుల్లో పట్టుబడి ఉన్నప్పుడు చేపలు ఐసులో సర్దే పనికి వెళ్తుంది. రాత్రి పూట చదువుకు వస్తుంది.

ఒక రోజు నేను అందరికీ ఒక పని చెప్పాను. "ఈ ఏడాదిలో మీ ఒంట్లో ఏమేం బాధలు వచ్చాయో రాయండి" అన్నాను. కొందరు 'జొరం' అని రాశారు. కొందరు 'నడుం నొప్పి' అని రాశారు. అక్క మాత్రం పేజీ నిండా రాసింది. తప్పులు దిద్ది ఇక్కడ రాస్తున్నాను. చదవండి.

ఎండలో నాట్లు వేశాను. రెండు బుగ్గలూ ఎర్రగా కందాయి.
పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. గంట పడుతుంది.
ఐసు పట్టుకుంటే వేళ్లు తెల్లగా అవుతాయి. తర్వాత నీలంగా అవుతాయి.
నోట్లో పుండు లేచింది. నొప్పి లేదు.
జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది.
జొరం వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది.
రెండు సార్లు కడుపు పోయింది.
పాదాలు వాచాయి. పట్టీలు పట్టడం లేదు.

మొత్తం ఎనిమిది బాధలు. ప్రతి బాధకూ అక్క ఎక్కడికో ఒక చోటికి వెళ్లింది. బుగ్గలకు ఆయింట్‌మెంటు ఇచ్చారు. వేళ్లకు నొప్పి మాత్రలు ఇచ్చారు. నోటి పుండుకు బి కాంప్లెక్సు ఇచ్చారు. జొరానికి టైఫాయిడ్ అని సెలైన్ పెట్టారు. పాదాల వాపు చూసి రక్తం తక్కువ అన్నారు. కడుపు నిలవకపోతే అత్తగారు దిష్టి తీయించింది.

నేనూ తక్కువ తినలేదు. ఆమె బుగ్గలు చూసి "ఎండ దెబ్బ అక్కా, గొడుగు పట్టుకో" అన్నాను.

ఎవరూ కావాలని తప్పు చెప్పలేదు. కానీ ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్కే కనిపించింది. గుడ్డివాళ్లు ఏనుగును తడిమినట్లయింది. కాలు పట్టుకున్నవాడు స్తంభం అన్నాడు. చెవి పట్టుకున్నవాడు చేట అన్నాడు. ఏనుగు అని ఎవరూ అనలేదు.

ఆ కాగితం పట్టుకుని అక్కా నేనూ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ కాగితం మొత్తం చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత ఒక్క ప్రశ్న అడిగింది.

"మూత్రంలో నురగ వస్తోందా అమ్మా?"

అక్క సిగ్గుపడింది. వస్తోందని తల ఊపింది. వెంటనే మూత్ర పరీక్ష చేయించారు. మూత్రంలో ప్రొటీను పోతోంది.

"ఇవి ఎనిమిది జబ్బులు కాకపోవచ్చు. ఒకటే జబ్బు అయి ఉండొచ్చు. ఆలస్యం చేయొద్దు" అని డాక్టరమ్మ పెద్దాసుపత్రికి చీటీ రాసింది. అక్కడ పరీక్షలు చేశారు. జబ్బు పేరు చెప్పారు. దాని పేరు లూపస్.

కాపలావాడు తిరగబడితే

మన వైపు చేపల చెరువులకు రాత్రి కాపలా ఉంటుంది. దొంగ వస్తే కాపలావాడు పట్టుకుంటాడు. లైటు వేసి కేకలు పెడతాడు. మంచి కాపలావాడికి దొంగ ఎవరో, ఇంటివాడు ఎవరో తెలుస్తుంది.

మన ఒంట్లోనూ ఇలాంటి కాపలా ఉంది. దాన్ని రోగనిరోధక శక్తి అంటారు. రక్తంలోని తెల్ల కణాలు ఆ కాపలా కాస్తాయి. ఒంట్లోకి జబ్బు క్రిములు వస్తే అవి గుర్తు పడతాయి. వాటిని చంపుతాయి. అందుకే మనకు వచ్చిన జలుబు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది.

కొందరి ఒంట్లో ఈ కాపలావాడు పొరబడతాడు. ఇంటివాళ్లనే దొంగలు అనుకుంటాడు. సొంత కీళ్లను, సొంత చర్మాన్ని, సొంత మూత్రపిండాలను కొడతాడు. ఇలా వచ్చే జబ్బులను ఆటో ఇమ్యూన్ జబ్బులు అంటారు. 'ఆటో' అంటే తనను తాను అని అర్థం. మనం ఎక్కే ఆటోకూ దీనికీ సంబంధం లేదు.

ఈ జబ్బులు చాలా రకాలు. కొన్ని ఒక్క చోటనే కొడతాయి. బొల్లి మచ్చలు మనందరికీ తెలుసు. బొల్లి కూడా ఇలాంటిదే. అక్కడ కాపలావాడు చర్మానికి రంగునిచ్చే కణాలను కొడతాడు. బొల్లి అంటుకోదు. అది కుష్ఠు కాదు. లూపస్ అలా ఒక్క చోట ఆగదు. తల నుంచి కాలి దాకా ఎక్కడైనా కొట్టగలదు.

తోడేలు పేరు ఎందుకు వచ్చింది?

లూపస్ అంటే లాటిన్ భాషలో తోడేలు. వెనకటి కాలంలో యూరపు వైద్యులు ముఖం మీద పుండ్లు చూశారు. తోడేలు కరిచినట్లు ఉన్నాయని ఆ పేరు పెట్టారు. చాలా కాలం దాన్ని చర్మం జబ్బు అనే అనుకున్నారు. తర్వాత విలియం ఆస్లర్ అనే డాక్టరు 1895 తర్వాతి ఏళ్లలో, చర్మంతో పాటు ఈ జబ్బు గుండె, మూత్రపిండాలు, కీళ్ల దాకా వెళ్తుందని వివరంగా రాశాడు. 1948లో అమెరికాలో మాల్కమ్ హార్‌గ్రేవ్స్ అనే డాక్టరు, ఆయనతో పని చేసేవాళ్లు ఈ రోగుల్లో ఒక వింత కణాన్ని చూశారు. రక్త కణం ఇంకొక కణం గుజ్జును మింగి కనిపించింది. అప్పటి నుంచి ఈ జబ్బును పరీక్షతో పట్టుకునే దారి దొరికింది.

ఈ జబ్బు ఎవరికి వస్తుంది? పది మంది రోగుల్లో తొమ్మిది మంది ఆడవాళ్లే. అందులోనూ పదిహేను నుంచి నలభై అయిదేళ్ల లోపువాళ్లు ఎక్కువ. అంటే పెళ్లి, పిల్లలు, కూలి పని అన్నీ మీద ఉండే వయసు. మగవాళ్లకూ, పిల్లలకూ కూడా రావచ్చు.

ఎందుకు వస్తుంది? పుట్టుకతో వచ్చే గుణం కొంత ఉంటుంది. ఎండ, కొన్ని రకాల జబ్బు క్రిములు, కొన్ని మందులు దాన్ని రేపుతాయి. ఇది చేసిన పాపం వల్ల రాదు. గాలి సోకి రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా రాదు.

ముక్కు మీదుగా రెండు బుగ్గల మీదా సీతాకోకచిలుక రెక్కలు చాచినట్లు ఎర్ర మచ్చ వస్తుంది. ఇది లూపస్‌కు పేరు పడ్డ గుర్తు. కానీ అందరికీ ఆ మచ్చ రాదు. నల్లని చర్మం మీద అది ఎర్రగా కాక ముదురు రంగులో కమిలినట్లు కనిపించవచ్చు. మచ్చ లేదు కాబట్టి లూపస్ కాదు అనుకోకూడదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

వేషాలు వేసుకుని వస్తుంది

ఈ జబ్బు పగటి వేషగాడి లాంటిది. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క వేషంలో వస్తుంది. కొన్ని వేషాలు చూద్దాం.

జొరం వేషం. వారాల తరబడి జొరం. మందు వాడితే తగ్గినట్లు ఉంటుంది. మళ్లీ వస్తుంది. టైఫాయిడ్ అనీ, మలేరియా అనీ మందులు వాడతారు. మన వైపు ఆ జొరాలు ఉన్న మాట నిజమే. ముందు వాటినే చూడాలి. కానీ పరీక్షలో అవేవీ తేలకపోతే, జొరం మూడు వారాలు దాటితే ఇంకో దారి వెతకాలి.

డెంగీ వేషం. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఒంటి మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు వస్తాయి. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. డెంగీ అయితే కొద్ది రోజుల్లో ప్లేట్‌లెట్లు మళ్లీ పెరుగుతాయి. పెరగకపోతే, పెరిగి మళ్లీ పడితే లూపస్ ఉందేమో చూడాలి.

క్షయ వేషం. ఊపిరి పీల్చితే ఛాతీలో పోటు. ఊపిరితిత్తుల చుట్టూ, గుండె చుట్టూ నీరు చేరుతుంది. దగ్గు, జొరం, బరువు తగ్గడం కూడా ఉంటాయి. అచ్చం టీబీ లాగా ఉంటుంది. టీబీ పరీక్ష తప్పకుండా చేయించాలి. టీబీ కాదని తేలితే అక్కడితో ఆగకూడదు.

దయ్యం వేషం. ఇది అన్నిటికన్నా ప్రమాదం. లూపస్ మెదడు మీదికి వెళ్తే ఫిట్స్ రావచ్చు. మనిషి ఉన్నట్టుండి సంబంధం లేని మాటలు మాట్లాడవచ్చు. లేని మనుషులు కనిపిస్తున్నారు అనవచ్చు. ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకుంటారు. వేపమండలు తెస్తారు. రోజులు గడిచిపోతాయి. పడుచు పిల్లకు కొత్తగా ఫిట్స్ వచ్చినా, మాట తేడా వచ్చినా ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టినందువల్ల ఏమీ కాదు. నోట్లో ఏమీ పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోను చేయండి.

గొడ్రాలు వేషం. కొందరి రక్తం తేలిగ్గా గడ్డ కడుతుంది. ఇది లూపస్‌తో పాటు రావచ్చు. ఒక్కటే కూడా రావచ్చు. మావిలో రక్తం గడ్డ కడితే కడుపులో బిడ్డ నిలవదు. వరసగా కడుపు పోతుంది. కొందరికి ఒక్క కాలే వాచి నొప్పి పుడుతుంది. కొందరికి చిన్న వయసులోనే పక్షవాతం వస్తుంది. 1983లో లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ అనే డాక్టరు ఇవన్నీ ఒకే సంగతి అని వివరించాడు. దీనికి రక్త పరీక్ష ఉంది. మందు ఉంది. డాక్టరు చెప్పినట్లు ఆస్పిరిన్, హెపారిన్ వాడి చాలామంది తల్లులు అయ్యారు. ఇన్నాళ్లూ ఎంతమంది ఆడవాళ్లను గొడ్రాలు అని వెలి పెట్టామో ఆలోచించండి.

ఐసు వేషం. చలికీ, ఐసుకీ వేళ్లు తెల్లబడతాయి. తర్వాత నీలం. వేడి తగిలాక ఎర్రబడతాయి. దీన్ని రేనాడ్ అంటారు. ఇది ఉన్న అందరికీ లూపస్ ఉండదు. మన దగ్గర చేపలు, రొయ్యలు ఐసులో సర్దే ఆడవాళ్లు చాలామంది. 'పని వల్ల వచ్చింది' అని ఊరుకుంటారు. పక్కన కూర్చున్నవాళ్ల వేళ్లు మామూలుగా ఉండి, మీ వేళ్లు మాత్రమే రంగు మారితే డాక్టరుకు చెప్పండి.

చప్పుడు లేని వేషం. లూపస్ మూత్రపిండాలను కొట్టినప్పుడు నొప్పి ఉండదు. ఇది బాగా గుర్తుంచుకోండి. మూత్రంలో పోయినా పోని నురగ వస్తుంది. పొద్దున కళ్ల కింద, సాయంత్రం పాదాల్లో వాపు వస్తుంది. బీపీ పెరుగుతుంది. నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నొప్పి వచ్చే దాకా ఆగుదాం అనుకుంటే మూత్రపిండాలు దెబ్బ తింటాయి. అక్క కాగితంలో చివరి మాట ఇదే. పట్టీలు పట్టడం లేదని రాసింది. అన్ని మాటల్లోకీ డాక్టరమ్మను కంగారు పెట్టింది ఆ మాటే.

లూపస్ చుట్టాలు

ఇలాంటి జబ్బులు ఇంకా ఉన్నాయి. అవీ వేషాలు వేస్తాయి.

సినిమా నటి సమంత 2022 అక్టోబరులో తనకు మయోసైటిస్ అనే జబ్బు వచ్చిందని అందరికీ చెప్పింది. అప్పుడే ఈ జబ్బు పేరు చాలామంది తెలుగువాళ్లకు తెలిసింది. ఇక్కడ కాపలావాడు కండలను కొడతాడు. మనిషి చూడటానికి బాగానే ఉంటుంది. కానీ గొంతుక్కూర్చుంటే లేవలేదు. చెయ్యెత్తి జడ వేసుకోలేదు. బిందె నెత్తికి ఎత్తుకోలేదు. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు. అది బద్ధకం కాదు.

అమితాబ్ బచ్చన్‌కు 1984లో మయస్థీనియా అనే జబ్బు వచ్చింది. ఇందులో పొద్దున బాగుంటారు. సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతాయి. మాట ముద్దగా వస్తుంది. నమలడం కష్టమవుతుంది.

ఇంకొక జబ్బు పేరు షోగ్రెన్. కళ్లల్లో ఇసుక పడ్డట్లు ఉంటుంది. నోరు ఎండిపోతుంది. నీళ్లు లేకుండా ముద్ద దిగదు.

గీయన్ బారీ అనే జబ్బు మాత్రం రోజుల్లోనే ముదురుతుంది. పాదాల్లో తిమ్మిరి మొదలై కాళ్లలోకి, చేతుల్లోకి ఎక్కుతుంది. నడక పోతుంది. 2025 మొదట్లో మహారాష్ట్రలోని పుణెలో ఒకేసారి చాలామందికి వచ్చింది. ఊపిరి ఆడే కండలకు పాకితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఎలా కనిపెడతారు?

లూపస్ ఉందా లేదా అని చెప్పే ఒక్క పరీక్ష లేదు. ఏఎన్‌ఏ అనే రక్త పరీక్ష ఉంది. లూపస్ ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ అది పాజిటివ్ వస్తుంది. కానీ ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది. కాబట్టి ఆ కాగితం ఒక్కటి చూసి భయపడకండి. ఒంట్లో బాధలు, మూత్ర పరీక్ష, మిగతా రక్త పరీక్షలు అన్నీ కలిపి డాక్టరు చూస్తారు.

2019లో అమెరికా, యూరపు కీళ్ల వైద్య సంఘాలు కలిసి ఒక లెక్క తయారు చేశాయి. ముందు ఏఎన్‌ఏ పాజిటివ్ ఉండాలి. తర్వాత ఒక్కొక్క గుర్తుకు కొన్ని పాయింట్లు. జొరానికి 2. జుట్టు ఊడటానికి గానీ, నోటి పుండుకు గానీ 2. ఊపిరితిత్తుల చుట్టూ నీటికి 5. ఫిట్స్‌కు 5. కీళ్లకు 6. వేరే కారణం లేకుండా ఇవి వచ్చి, మొత్తం 10 చేరితే లూపస్ కింద లెక్క వేస్తారు. ఈ లెక్కను పరిశోధన కోసం తయారు చేశారు. మనకు మనం జబ్బు కట్టుకోవడానికి కాదు. కానీ దీంట్లో ఒక సంగతి ఉంది. జొరం ఒక్కటే చూస్తే 2. కీళ్లు ఒక్కటే చూస్తే 6. రెండూ కలిపితే 8. నీరు కూడా కలిపితే 13. ముక్కలు కలిపితేనే జబ్బు కనిపిస్తుంది.

ఈ జబ్బులు చూసే డాక్టర్లను రుమటాలజిస్టులు అంటారు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో వీటికి ప్రత్యేక విభాగం ఉంది. ముందు మన ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లండి. ఎక్కడికి పంపాలో వాళ్లు చెబుతారు. ఆరోగ్యశ్రీ కార్డు వెంట తీసుకెళ్లండి. ఇప్పుడు దీన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఏ ఖర్చు దాని కింద వస్తుందో ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో అడగండి.

మందులు ఉన్నాయా?

ఉన్నాయి. 1950ల నాటికి లూపస్ వచ్చినవాళ్లలో అయిదేళ్లు దాటి బతికేవాళ్లు దాదాపు సగం మందే. ఇప్పుడు మంచి వైద్యం అందిన చోట పది మందిలో తొమ్మిది మంది పదేళ్లు దాటి బతుకుతున్నారు. జబ్బు వేళ్లతో సహా పోదు. కానీ మందులతో అణిగి ఉంటుంది. షుగరు, బీపీ ఉన్నవాళ్లు మందులు వేసుకుంటూ పని చేసుకోవడం లేదా? ఇదీ అంతే.

మొదటి మందు హైడ్రాక్సీ క్లోరోక్విన్. ఇది మలేరియా మందుల కుటుంబంలోది. 2020లో కరోనాకు పని చేస్తుందనుకుని అందరూ దీని కోసం ఎగబడ్డారు. కరోనాకు పని చేయలేదు. లూపస్ ఉన్నవాళ్లకు మాత్రం చాలా చోట్ల మందు కరువైంది. ఈ మందు వాడేవాళ్లు చెప్పిన గడువుకు కంటి పరీక్ష చేయించుకోవాలి.

రెండోది స్టెరాయిడ్. జబ్బు పైకి లేచినప్పుడు ఇది మంటను త్వరగా ఆర్పుతుంది. కానీ ఎక్కువ కాలం వాడితే ముఖం ఉబ్బుతుంది. ఎముకలు గుల్లబారతాయి. షుగరు పెరుగుతుంది. అందుకని డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మనంతట మనం ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ప్రమాదం. పేరు లేని పొట్లాల్లో 'ఒళ్లు నొప్పుల మాత్రలు' అమ్మితే కొనకండి. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు.

మూడో మందు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అది మన పక్క ఊరి కథ.

భీమవరం బిడ్డ

కొల్లేరుకు అవతల భీమవరం ఉంది. 1895లో అక్కడ యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిండి ఒంటబట్టదు. రక్తం పట్టదు. సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివాడు. 1923లో అమెరికా వెళ్లాడు. లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో పెద్దగా పని చేశాడు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసింది. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఏఎన్‌ఎం ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఇదే. స్ప్రూ జబ్బులో రక్తం పట్టడానికీ అది పనికి వచ్చింది.

తర్వాత ఆ బృందమే ఫోలిక్ ఆసిడ్‌కు ఎదురు పని చేసే మందులు తయారు చేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. ముందు దాన్ని క్యాన్సరుకు వాడారు. సుబ్బారావు 1948లో చనిపోయాడు. తర్వాతి కాలంలో అదే మందు, చిన్న మోతాదులో, తిరగబడ్డ కాపలావాణ్ణి శాంతపరుస్తుందని తెలిసింది. 1988లో అమెరికా ప్రభుత్వం దాన్ని కీళ్లవాతానికి ఒప్పుకుంది. లూపస్‌లో కీళ్లు, చర్మం బాధ పెడితే కూడా వాడతారు. మయోసైటిస్‌కూ వాడతారు. దానితో పాటు ఇబ్బందులు తగ్గడానికి ఫోలిక్ ఆసిడ్ మాత్ర కూడా ఇస్తారు. రెండు మందుల వెనకా ఉన్నది మన భీమవరం బిడ్డే.

కానీ ఈ మందు దగ్గర ఒక పెద్ద ప్రమాదం ఉంది. దీన్ని రోజూ వేసుకోకూడదు. ఈ జబ్బులకు వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. చదవడం రాక, లేదా సరిగా వినక రోజూ వేసుకున్నవాళ్లు ఉన్నారు. నోరంతా పుండ్లు పడతాయి. రక్త కణాలు పడిపోతాయి. ప్రాణం పోవచ్చు. ఇంకొకటి. కడుపుతో ఉన్నవాళ్లు దీన్ని అసలు వాడకూడదు. బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

మా కేంద్రంలో ఆ రోజు పలకల మీద రెండు మాటలు రాయించాను. 'రోజూ'. 'వారానికి'. రెండూ చిన్న మాటలే. చదవగలిగితే ప్రాణం దక్కుతుంది. చీటీ మీద ఇంగ్లీషులో ఉంటే మందుల షాపులో అడిగి, మాత్రల అట్ట మీద తెలుగులో రాసుకోండి. ఏ వారం వేసుకోవాలో కూడా రాయండి.

ఒంటి పుస్తకం

ఒక పాత నోటు పుస్తకం చాలు. దానికి ఒంటి పుస్తకం అని పేరు పెట్టండి. ప్రతి బాధకూ నాలుగు సంగతులు రాయండి.

ఒకటి: తేదీ. ఎప్పుడు మొదలైంది?
రెండు: బాధ. ఎక్కడ? ఎన్ని రోజులు?
మూడు: ఏం చేస్తే పెరిగింది? ఎండా? ఐసా?
నాలుగు: ఎవరికి చూపించారు? ఏ మందు ఇచ్చారు?

పరీక్ష కాగితాలు ఆ పుస్తకంలోనే పెట్టండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా పుస్తకం తీసుకెళ్లండి. డాక్టరు దగ్గర మనకు దొరికేది అయిదు నిమిషాలు. భయంతో సగం మరిచిపోతాం. సిగ్గుతో సగం మింగుతాం. పుస్తకం మరిచిపోదు. దానికి సిగ్గు లేదు.

మీ పుస్తకంలో రెండు మూడు బాధలు ఒక చోట చేరినంత మాత్రాన లూపస్ అని బెంగ పెట్టుకోకండి. కీళ్ల నొప్పులకు, జుట్టు ఊడటానికి వేరే కారణాలు చాలా ఉంటాయి. ఆ పని డాక్టరుది. ముక్కలన్నీ ఒక చోట చేర్చి ఇవ్వడం మన పని.

అక్క ఇప్పుడు మందులు వాడుతోంది. మూత్రంలో ప్రొటీను తగ్గింది. ఎండ పనికి పొడుగు చేతుల చొక్కా వేసుకుని, తలకు గుడ్డ కట్టుకుని వెళ్తోంది. ఐసు పనికి మందం చేతి తొడుగులు కొనుక్కుంది. బిడ్డ సంగతి అడిగితే, జబ్బు ఆరు నెలలైనా అణిగి ఉన్నాక చూద్దామని డాక్టరు చెప్పారట. "రెండేళ్ల కిందట చదువుకు రమ్మని మీరు మా ఇంటికి వచ్చారు. ఈ వయసులో నాకెందుకు అన్నాను" అని మొన్న నవ్వింది. ఆమె మాత్రలు ఆమే చదువుకుని వేసుకుంటోంది.

గుర్తుంచుకుందాం

1. లూపస్ అంటుకోదు. పాపం కాదు. గాలి కాదు.
2. ముఖం మీద మచ్చ లేకుండానే రావచ్చు.
3. మూత్రపిండాలు దెబ్బ తింటున్నా నొప్పి ఉండదు. నురగ, వాపు కనిపిస్తే మూత్ర పరీక్ష చేయించాలి.
4. కొత్తగా ఫిట్స్ వస్తే ముందు ఆసుపత్రి.
5. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదు. మెథోట్రెక్సేట్ ఈ జబ్బులకు రోజూ వేసుకోకూడదు.

మాట్లాడుకుందాం

1. అక్కకు వచ్చిన ఎనిమిది బాధలు ఏవి? చూడకుండా చెప్పండి.
2. మీ ఊళ్లో వరసగా కడుపు పోయిన ఆడవాళ్లను ఏమంటారు? అలా అనడం న్యాయమేనా?
3. మీ ఇంట్లో ఉన్న మాత్రల అట్ట ఒకటి తీసుకురండి. ఎప్పుడు వేసుకోవాలో దాని మీద తెలుగులో రాయండి.
4. ఈ రాత్రే ఒంటి పుస్తకం మొదటి పేజీ రాయండి.

కొత్త మాటలు

రోగనిరోధక శక్తి: జబ్బు క్రిములతో పోరాడే ఒంటి బలం.
మూత్రపిండాలు: రక్తాన్ని వడకట్టి మూత్రం చేసే అవయవాలు. కిడ్నీలు.
మావి: కడుపులో బిడ్డకు ఆహారం అందించేది. కాన్పులో బిడ్డ తర్వాత బయటికి వస్తుంది.
మోతాదు: ఒక్కసారికి వేసుకోవలసిన మందు కొలత.